మల్లేశం బొమ్మకు ముసుగు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మినదాన్ని కాదు. మా వాడలో ఏ పిల్లకైనా దయ్యం పట్టిందంటే, ముందు దానికి కడుపునిండా అన్నం పెట్టమని కసిరేదాన్ని. తాయెత్తులు కట్టుకొచ్చిన గిరాకీల మీద ఎన్ని జోకులు వేశానో లెక్కే లేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని ఎవరితోనూ అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

నాకు పటాన్‌చెరు బజారులో టైలరింగు దుకాణం ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఒక ఎన్నికలకు, చౌరస్తాల్లో ఉన్న నాయకుల విగ్రహాలు కనబడకుండా గుడ్డలు కప్పాలని ఆర్డరు వచ్చింది. ఆ పని చూసే మండలాఫీసు సారు నా దగ్గరికి వచ్చి ఆరు ముసుగులు కుట్టమన్నాడు. సంచుల్లాగా కుట్టి పడేస్తే చాలన్నాడు. నాకు ఒళ్లు మండింది. కొలత లేకుండా కత్తెర పెట్టడం నాకు చేతకాదు. పైగా నా కుట్టు నడిబజారులో నలుగురి కళ్ల ముందు వేలాడబోతోంది.

అందుకని టేపు మెడలో వేసుకుని, ఆ ఆఫీసులోనే పనిచేసే ఎల్లయ్యతో నిచ్చెన మోయించుకుని విగ్రహాల చుట్టూ తిరిగాను. రోజూ వాటి కింద నుంచే నడిచినా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒక పెద్దాయన కళ్లజోడు ఒక పక్క విరిగిపోయి ఉంది. ఇంకొకాయనకు ఒక భుజం రెండంగుళాలు కిందికి ఉంది. గుర్రం మీది వీరుడి దగ్గర ఆటోవాళ్లు పగలబడి నవ్వారు.

"అక్కా, గుర్రానికి గూడ లాగు కుడ్తవా?"

"నీకు కుట్టినంక గుడ్డ మిగిలితె కుడ్త తియ్" అన్నాను.

ఆరోది మల్లేశం బొమ్మ. కంపెనీ బస్సులు ఆగే చోట, వెండి రంగు వేసిన సిమెంటు బొమ్మ, చేతిలో పానా. మల్లేశం నాయకుడేమీ కాదు. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కూలీ. అతను పోయాక తోటి కార్మికులు తలా కొంత వేసుకుని నిలబెట్టారు. గద్దె మీద యూనియన్ జెండా ఉంది కాబట్టి దాన్నీ కప్పాలన్నాడు సారు.

మూడేళ్లుగా నేను ఆ బొమ్మ ముందు నుంచి నడిచేదాన్ని కాదు. చుట్టూ తిరిగి వెనక గల్లీలోంచి పోయేదాన్ని. కారణం ఇదీ.

మా ఆయన నర్సింలు అదే కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఒకరోజు ట్యాంకు కడగడానికి మల్లేశాన్ని లోపలికి దింపాడు. మాస్కు అడిగితే స్టోరులో లేదు. రెండు నిమిషాల పనే కదా అన్నాడట. లోపల గ్యాసు ఉంది. మల్లేశం ఊపిరాడక అక్కడే పోయాడు. విచారణకు ముందు మేనేజరు నర్సింలును పిలిచి, మాస్కు ఇచ్చామని, మల్లేశమే దాన్ని పీకి పారేశాడని చెప్పమన్నాడు.

నర్సింలు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అతన్ని ఒప్పించింది నేనే. "పోయినోడు ఎట్లనో పోయిండు, ఉన్నోళ్లం బతకాలె గద" అన్నాను. ఆ అబద్ధం తడబడకుండా ఎలా చెప్పాలో కూర్చోబెట్టి నేర్పాను కూడా. తప్పంతా మల్లేశానిదేనని రాసేశారు. అతని భార్య యాదమ్మ నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది, అక్కా అని పిలిచేది. ఆ రోజు నుంచి నా దుకాణం గడప తొక్కలేదు.

బొమ్మకు కొలత తీసేటప్పుడు మొహం వైపు చూడకుండా పని ముగించాను. మార్కీను అనే ముతక తెల్ల గుడ్డతో కుట్టి, మెడ దగ్గర బిగించడానికి నాడా పెట్టాను. తొడిగేరోజు మిగతా ఐదూ పది గంటలకల్లా అయిపోయాయి. ఒక్కటీ వంక లేకుండా కూర్చుంది. మల్లేశం బొమ్మకు ఎల్లయ్య ముసుగు వేసి నాడా బిగించేసరికి బస్టాండు గడియారంలో పదీ నలభై.

నేను దుకాణానికి వచ్చి కూర్చున్నానో లేదో, పక్క ఎస్టీడీ బూత్‌కు కంపెనీ నుంచి ఫోను. నర్సింలు క్యాంటీన్లో చాయ తాగుతూ ఊపిరాడక పడిపోయాడట. షేర్ ఆటో పట్టుకుని పరుగెత్తాను. నేను వెళ్లేసరికి బల్ల మీద లేచి కూర్చుని ఉన్నాడు. పడింది పదీ నలభైకి, దమ్ము తిరిగింది పదకొండుకి అన్నారు. తిరిగొచ్చాక ఎల్లయ్య చెప్పాడు, పదకొండుకి నాడా ఊడి ముసుగు జారిపోయిందని. నా కుట్టు ఊడిందా అని నాకు నామోషీ అయిందే తప్ప, అప్పుడు ఇంకేమీ తోచలేదు.

మర్నాడు సారు వచ్చి కేకలేశాడు. ముసుగు మళ్లీ వేయించి, నాడా మీద సుతిలి తాడు కూడా కట్టించాను. కాసేపటికి మా పక్కింటి ఆమె రొప్పుతూ వచ్చింది. సెలవు పెట్టి ఇంట్లో పడుకున్న నర్సింలు మంచం మీద గిలగిలా కొట్టుకుంటున్నాడట.

వెళ్లి చూస్తే అతని పెదాలు నల్లబడ్డాయి. రెండు చేతులతో మూతి మీది నుంచి ఏదో పీకుతున్నాడు. అక్కడ ఏమీ లేదు.

"గుడ్డ తియ్... మొకం మీది గుడ్డ తియ్" అన్నాడు.

నిన్నటి పదీ నలభై, పదకొండు అప్పుడు గుర్తొచ్చాయి. కత్తెర పట్టుకుని బజారుకు పరుగెత్తి, నిచ్చెన కోసం కూడా ఆగకుండా గద్దె ఎక్కి తాడు కోసేశాను. ఇంటికి వచ్చేసరికి నర్సింలు నీళ్లు తాగుతున్నాడు.

సారుకు ఇవన్నీ ఎవరు చెప్పగలరు? రేపు పదింటికల్లా బొమ్మ కప్పకపోతే పోలీసు కేసు పెడతానన్నాడు. కప్పితే నా మొగుడు బతకడు. సాయంత్రం యాదమ్మ పనిచేసే మెస్సుకు వెళ్లాను. ఆమె గిన్నెలు తోముతోంది. చేతబడి చేశావా అని అడిగాను. అంత మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నేనేం చెయ్యలే సుగుణా" అంది, మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలుస్తూ. "రోజు పనికి వొయ్యేటప్పుడు గా బొమ్మను ఒక్కటే అడిగిన. నీ నోరు మూసినోళ్లను గట్లనే ఇడిసిపెడ్తవా అని. రేపు గప్పుర్రి. నేను గూడ సూస్త."

ఇంటికొచ్చి యాదమ్మ మాటలు నర్సింలుకు చెప్పాను. తానే పోయి అందరి ముందు నిజం చెబుతానన్నాడు.

పొద్దున షిఫ్ట్ బస్సులు ఆగే వేళకు బొమ్మ ముందు నిలబడి చెప్పాడు. "మాస్కు ఇయ్యలే. దిగుమన్నది నేనే. అబద్ధం జెప్పిన." జనం మూగారు. ఎవరో తిట్టారు, ఎవరో చెప్పు ఎత్తారు. యాదమ్మ మాత్రం కదల్లేదు. సారు వాచీ చూసుకుని కప్పమన్నాడు. ఎల్లయ్య ముసుగు తొడిగి నాడా బిగించాడు.

అందరం నర్సింలు వైపే చూస్తున్నాం. మామూలుగానే ఊపిరి పీలుస్తున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు నాకు ఊపిరి ఆగిపోయింది. మూతి మీద గుడ్డ. పీల్చిన ప్రతిసారీ నాలుకకు అంటుకుంటోంది. ముప్పై ఏళ్లు గుడ్డలతో బతికినదాన్ని, కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను, అది నేను కొన్న మార్కీనే. దాని వెనక నుంచి మందుల ట్యాంకు కంపు. మోకాళ్ల మీద పడ్డాను. నర్సింలు మల్లేశం బొమ్మ కాళ్ల మీద పడ్డాడు. యాదమ్మ గద్దె పక్కన, కిందికి వేలాడే నాడా కొస పట్టుకుని నన్నే చూస్తోంది. లాగితే ఊడుతుంది, లాగడం లేదు. మాట రాక, నా నోటిని చూపించి నర్సింలును చూపించాను. మళ్లీ నా నోటిని చూపించాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత లాగింది.

"గా అబద్ధం నేర్పింది నేనే" అని అరిచాను, గాలి పీల్చుకోకముందే.

"ఇగ కప్పు ఎల్లయ్యా" అంది యాదమ్మ.

మళ్లీ కప్పారు. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. ఓట్లు అయిపోయేదాకా ఆ ముసుగు అలాగే ఉంది.

నర్సింలు నిజం రాసిచ్చాడు, ఉద్యోగం పోయింది. మేనేజరు మాత్రం చివరిదాకా మాస్కు ఇచ్చామనే అన్నాడు. పాపభీతితో అలా అనిపించి ఉంటుందని డాక్టరు అన్నాడు. కావచ్చు. కానీ మొదటిరోజు క్యాంటీన్లో కూర్చున్న నర్సింలుకు నేను విగ్రహాలకు ముసుగులు కుడుతున్నానని తెలుసు గానీ, అందులో మల్లేశం బొమ్మ ఉందని నేను చెప్పనే లేదు.

తర్వాత ఐదేళ్లకు మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఈ పని నావల్ల కాదని ఆఫీసులో ముందే చెప్పేశాను. ఆ మధ్యాహ్నం యాదమ్మ నా దుకాణం గడప ఎక్కింది. చంకలో మార్కీను గుడ్డ ఉంది.

"మీరిద్దరు జెప్పిండ్రు. జెప్పనోడు ఇంకొకడున్నడు" అంది.

నేను కాదనలేదు. పాత కొలతలు తీసి ఆ రోజే కుట్టి ఇచ్చాను. తర్వాత మేనేజరుకు ఏమైందో నేను అడగలేదు, ఎవరైనా చెప్పబోతే వినలేదు. ఇదంతా ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇలాంటివి నమ్మనిదాన్ని, ఆ ముసుగు మెడకు రెండు నాడాలు ఎందుకు వేశానో కూడా చెప్పలేను.