సూరిబాబు అనని మాట

ఏటా వేసవిలో లాకులు దించి కాలవలు కట్టేశాక, అడుగున మిగిలిన బురద ఎండకి ఉడుకుతుంటే ఒక వాసన లేస్తుంది. కుళ్లిన గుర్రపుడెక్క, చచ్చిన నత్తలు, ఎవరో పారేసిన కొబ్బరిపీచు, అన్నీ కలిసిన వాసన. మొన్న మామిడికుదురు నుంచి ఆటోలో వస్తుంటే పక్కనున్న కుర్రాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటూ కూర్చున్నాను. అయిదో తరగతితో బడి మానేసినవాడికి నాగరికత కూడా అక్కడే ఆగిపోతుంది మరి.

మా చిన్నప్పుడు ఆ వాసన పండగ కబురు. కొత్తావకాయ జాడీలకి గుడ్డలు కట్టే రోజులు, తాటిముంజెల నీళ్లు మోచేతుల దాకా కారే రోజులు, మధ్యాహ్నం పెద్దవాళ్లు విసనకర్రలు గుండెల మీద పెట్టుకుని గురకలు తీస్తుంటే మేం కాలవలోకి జారిపోయే రోజులు. అక్కడక్కడా మిగిలిన మోకాటిలోతు మడుగుల్లో చేపలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కొట్టుకునేవి. వలా, గాలమూ అక్కర్లేదు. రెండు చేతులూ బురదలోకి పోనిచ్చి తడుముకోవడమే. ఒకటి దొరికాక రెండోది తగిలితే, మొదటిదాన్ని పళ్లతో కరిచిపట్టుకుని చేతులు ఖాళీ చేసుకునేవాళ్లం. మా పెదనాన్న అలాగే పట్టేవాడు, ఆయన్ని చూసి మేమూ.

సూరిబాబుది మా పక్కిల్లు. నేను వాగేవాణ్ణి, వాడు నవ్వేవాడు; మా ఇద్దరికీ పంపకం అలా కుదిరింది. మాస్టారు నన్ను కొడితే ఏడుపు కూడా వాడే ఏడ్చేవాడు, నాకు ఆ శ్రమా ఉండేది కాదు.

ఆ రోజు వాళ్లమ్మ మంగత్త పుల్లమామిడికాయలు తరిగిపెట్టి, చేపలు తెస్తే పులుసు, తేకపోతే నిన్నటి పచ్చడే అంది. పెద్దది ఎవరు పడతారా అని మా ఇద్దరికీ పందెం. సూరిబాబుకి జానెడు మట్టగిడస దొరికింది, నల్లగా, జిగురుగా, పట్టుకి నిలవని చేప. అంతలో కాళ్ల దగ్గర ఇంకోటి కదిలింది కాబోలు, చేతిలోదాన్ని తలకాయ వైపు కరిచిపట్టుకుని వంగాడు.

లేచేసరికి పెదాల బయట తోక ఒక్కటే ఉంది.

నేను ముందు నవ్వాను. ఇన్నాళ్లకి వీడు నన్ను నవ్వించాడు అనుకున్నాను. తర్వాత వాడి కళ్లు చూశాను. తోక పట్టుకుని లాగితే జిగురు నా చేతికొచ్చింది గాని చేప రాలేదు. నా కేకలకి గట్టు మీద కొబ్బరికాయలు వలుస్తున్న పెదనాన్న దూకి వచ్చి, వాణ్ణి తలకిందులు చేసి వీపు మీద గుద్ది, భుజాన వేసుకుని రోడ్డు వైపు పరిగెత్తాడు. డాక్టరు దాకా వెళ్లే పని లేకపోయింది. వంతెన దగ్గరే వాడి కాళ్లు తన్నుకోవడం మానేశాయి.

దినాలయ్యాక మంగత్త నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“నువ్వే కదరా దగ్గరున్నావు. ఏవన్నా అన్నాడా?”

నోటినిండా చేప ఉన్నవాడు ఏమంటాడు? ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసే అడిగింది. నేను మాటకి తడుముకోవడం అప్పటిదాకా ఊళ్లో ఎవరూ ఎరగరు.

“పెద్దది నేనే పట్టేనని మాయమ్మకి చెప్పు, అన్నాడత్తా.”

నవ్వబోయి పైట నోట్లో కుక్కుకుంది.

అది మొదలు, ఎదురైనప్పుడల్లా ఆ మాట మళ్లీ చెప్పించుకునేది. పెళ్లి భోజనాల దగ్గర, రేషను షాపు ముందు, నేను కొబ్బరి లోడు ఎత్తి నడుం విరిగి ఇంటికి పోతున్నప్పుడు. ఎలా అన్నాడ్రా అని అడిగితే వాడి గొంతు పెట్టి చెప్పేవాణ్ణి. ఒకసారి ఆవిడే తీసింది.

“పులుసులో బెల్లం వెయ్యమన్నాడు కదూ?”

“ఆయ్, వెయ్యమన్నాడు.”

మంగత్త పోయి ఏడాదయింది. కాలవ అడుగున చేపలూ లేవు, రొయ్యల చెరువుల మందునీళ్లకి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేపలు ఐసుపెట్టెలో మోటారుసైకిలెక్కి వస్తాయి, ముక్కలు కోసి మరీ ఇస్తారు. బతికున్న చేప ఎలా జారుతుందో మా పిల్లలకి తెలీదు, తెలియకపోవడమే మేలు. ఆ మాట చెప్పమని అడిగేవాళ్లూ లేరు. అడక్కపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. ఈ మధ్య సూరిబాబు నిజంగా అన్న మాట ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే, బడిలోది గాని ఆటలోది గాని ఒక్కటీ రావడం లేదు. వాడి గొంతుతో నాకు వినబడేది వాడు అనని ఆ మాటే.