గ్లవ్స్ విప్పిన నేరం

మొన్న గరాజ్‌లో మంచు తోడే పార వెతుకుతుంటే మా అమ్మాయి పాత హాకీ గ్లవ్ ఒకటి కాలికి తగిలింది. అలవాటు కొద్దీ వంగి ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాను. ఐస్ హాకీ గ్లవ్ కంపు ఎరగనివాళ్ళకు మనవి: మా ఊరు పార్సిప్పనీలో విప్పితే పక్క రాష్ట్రంలో కిటికీలు మూసుకుంటారు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అన్నీ కంపు వల్లేనని మా ఆవిడ దగ్గర బుకాయించాను.

అమ్మాయి హైస్కూల్లో ఉండగా ఆడేది. ఆడే మంచు మైదానం, ఆ రింకులో చలికి, ఫ్లాస్కులోంచి వంచిన కాఫీ కప్పు చేరేలోపే గడ్డకట్టి గాల్లో వేలాడేది. ఆటలో కొంత తోపులాట మామూలే గానీ, వెనకనుంచి మనిషిని గోడకేసి కొట్టడం మహాపరాధం, మెడ విరగొచ్చు. ఒకరోజు మ్యాచ్‌లో మా పిల్ల, చూపంతా బంతికి బదులు వాడే నల్లబిళ్ళ మీదే ఉంచి, ఆగలేక, అవతలి జట్టు పిల్లను వీపు మీద గుద్దేసింది. ఆ పిల్ల గోడకు కొట్టుకుని, మంచు మీద బోర్లా పడి, కదల్లేదు. విజిల్ మోగింది. మా పిల్ల గబగబా రెండు గ్లవ్సూ విప్పి పారేసి, పడ్డ పిల్ల మీదికి వంగింది.

హాకీలో గ్లవ్స్ విప్పడమంటే మనవాళ్ళు చొక్కా చేతులు మడిచి "రా, చూసుకుందాం" అనడమే. తాటిచెట్టంత రిఫరీ వచ్చి దాన్ని వెనక్కి లాగేశాడు. గుద్దినందుకు ఐదు నిమిషాలు ఆట పక్కనుండే బాక్స్‌లో కూర్చునే పెనాల్టీ, కొట్లాటకు దిగిందని ఆటలోంచే బహిష్కారం. అసలు సంగతి తెలిసింది నా ఒక్కడికే. ఎవరికైనా తగిలితే ముట్టుకుని కళ్ళకద్దుకోవాలని దానికి మాటలు రాకముందే నూరిపోసింది నేను. గ్లవ్స్‌తో ముట్టుకుంటే చెల్లదని, ఒక చలికాలం, సొంతంగా సవరణ చేర్చిందీ నేనే. పరిగెత్తి రింకు చుట్టూ ఉండే అద్దం మీద బాదాను.

"సర్, షీ ఈజ్ ఓన్లీ సేయింగ్ సారీ! విత్ హ్యాండ్!"

"సర్, కూర్చోకపోతే నువ్వూ బయటికే," అన్నాడాయన ఇంగ్లీషులో.

పడ్డ పిల్లను వాళ్ళమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మెడకేం కాలేదని సాయంత్రం కోచ్ మెసేజ్ పెట్టేదాకా మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. అంతకుముందు, ఇంటికొస్తూ కార్‌లో, మా పిల్ల అంది.

"నాన్నా, నన్ను పంపేశారు కదా, నా పెనాల్టీకి వేరే అమ్మాయి వెళ్ళి బాక్స్‌లో కూర్చుంది."

"అది రూల్ కదమ్మా."

"ఐ నో. బట్ నేను తనని టచ్ కూడా చెయ్యలేదు. ఆల్మోస్ట్ చేశాను." తన వేళ్ళవంక చూసుకుంటూ ఉండిపోయింది.

ఇప్పుడు అమ్మాయి అల్ఫారెట్టాలో ఉద్యోగం చేస్తోంది. గ్లవ్స్ పారేయనా అని ఫోన్‌లో అడిగాను.

"ఇంకా ఉన్నాయా? అమ్మ ఊరుకుందా?" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "వద్దులే నాన్నా, ఉండనీ," అంది.

రింకులో గడియారం ఆ ఐదు నిమిషాలను ఏనాడో సున్నాకి దించేసింది; మా గరాజ్‌లో మాత్రం అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి.