జైనాబ్ బీ, రెండు టీసీలు

జైనాబ్ బీ పోయిందని మొన్న నరసరావుపేట నుంచి వచ్చిన మా అన్న ఆంజనేయులు చెప్పాడు. ఎనభై దాటాయట. ఊరంతా కదిలిందట. గాజులమ్ముకుంటూ కొడుకుని బి.ఏ. చదివించిన మహాతల్లి అని అందరూ కళ్లు తుడుచుకున్నారట. చచ్చినవాళ్ల కళ్లు చారెడేసి అంటారు కదా, అదన్నమాట. బతికుండగా ఆమెను మంచిదన్నవాళ్లు పేటలో ఒక్కరూ లేరు. నేనూ అనలేదు. ఇప్పుడూ అనను. కొడుకు చదువు కోసం ఆమె మా ఇంట్లో చేసిన పనిని ఊళ్లోవాళ్లు కథలాగా చెప్పుకుంటారు. ఆ కథ సగమే. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతాను.

జైనాబ్ బీ మొగుడు సత్తార్ వినుకొండలో బస్సుల షెడ్డులో పనిచేసేవాడు. కొడుకు కడుపులో ఉండగానే సత్తార్ జ్వరం వచ్చి పోయాడు. అప్పటినుంచి ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని పేట వీధులూ చుట్టుపక్కల పల్లెలూ తిరిగేది. పరాయి మగవాడు అరుగు దాటి రాలేని ఇళ్లలోకి తిన్నగా వెళ్లి వంటింటి గుమ్మం ముందు చతికిలబడేది. ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు పడదో, ఎవరి అల్లుడు తాగుతాడో ఆమెకు తెలియనిది లేదు. తెలిసింది కడుపులో దాచుకునే రకమూ కాదు. ఈ వీధిలో విన్నది పై వీధిలో చెప్పేది, అదీ నాలుగు కలిపి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమెకు నోరూ మంచిది కాలేదు, ఊరూ మంచిది కాలేదు. ఎవరైనా బేరమాడితే, "గాజులెందుకులే తల్లీ, తాటాకు చుట్టుకో, ఊరికే వస్తది" అనేది.

అయినా పెళ్లంటే అందరూ ఆమెనే పిలిచేవారు. పెళ్లికూతురికి గాజులు తొడిగేటప్పుడు ఒక్కటి చిట్లినా అపశకునం. జైనాబ్ బీ చేతిలో గాజు చిట్లడం ఎవరూ చూడలేదు. ఆ ధీమా ఆమెకు బాగా ఉండేది. తిట్టి పోయిన ఇంటికే మళ్లీ తాంబూలం ఇచ్చి పిలిపించుకుని, గుమ్మంలో కాసేపు నిలబడి, బతిమాలించుకుని మరీ లోపలికి వచ్చేది.

ఆమెకు ఒక్కడే కొడుకు, బాజీ. వాణ్ణి గాజులు ముట్టుకోనిచ్చేది కాదు. మలారం వైపు చెయ్యి చాపితే చేతిమీదే కొట్టేది. క్లాసులో రెండోవాడుగా వచ్చాడని ఒకసారి వీధిలో అందరి ముందూ చెప్పుతో కొట్టింది. అది ప్రేమ అని ఇప్పుడు అంటున్నారు. వాడి మొహం చూసినవాళ్లెవరూ అప్పుడు ఆ మాట అనలేదు.

నలభై నాలుగులో మా నాన్న హనుమంతరావు గారూ మరికొందరు పెద్దలూ కలిసి పేటలో ఒక కాలేజీ పెట్టారు. నాలుగేళ్లు నడిచి మూతబడింది, ఇప్పుడు దాని పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. అందులో ఇంటర్మీడియట్ రెండేళ్లే. ఆపైన బి.ఏ. కావాలంటే గుంటూరు పోయి పెద్ద కాలేజీలో చేరాల్సిందే. నాన్న కమిటీ ప్రెసిడెంటు. యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లకు మా కాలేజీలో ఆడపిల్లలు కూడా ఉన్నారని చూపించుకోవాలి. అందుకని నన్ను చేర్చాడు. లెక్చరర్ బల్ల పక్కన నాకొక్కదానికీ ఒక కుర్చీ. క్లాసంతా నా వీపు వెనక ఉండేది. తనిఖీ అయిపోగానే మాన్పించవచ్చని నాన్న అనుకున్నాడు. ఈలోగా నాకు చదువు రుచి తెలిసింది. చరిత్ర పాఠం వింటుంటే మధ్యాహ్నం అన్నం సంగతి గుర్తుండేది కాదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఆ రెండేళ్లే నేను బతికినట్టు ఉండేది.

నాతోపాటే మా అన్న, బాజీ అదే క్లాసులో చదివారు. నలభై ఆరు వేసవిలో ఫలితాలొచ్చాయి. బాజీ ఫస్టుక్లాసు. నేను సెకండుక్లాసు. అన్న తప్పాడు.

గుంటూరులో చేరాలంటే ఇక్కడి కాలేజీ టీసీ ఇవ్వాలి. ప్రిన్సిపాలు సంతకం ఉంటే చాలదు, పక్కన ప్రెసిడెంటు ముద్ర ఉండాలి. ఆ ముద్ర మా ఇంట్లో బీరువాలో ఉండేది. బాజీ టీసీ కోసం రోజూ కాలేజీకి తిరిగాడు. గుమాస్తా ప్రిన్సిపాలుని అడగమనేవాడు, ప్రిన్సిపాలు ప్రెసిడెంటు గారిని అడగమనేవాడు, నాన్న ప్రిన్సిపాలు దగ్గరికే పొమ్మనేవాడు. కాలికేస్తే మెడకీ, మెడకేస్తే కాలికీ. అసలు సంగతి నాన్న అన్నం తింటూ మా ముందే అన్నాడు.

"నా కొడుకు తప్పిన పరీక్షలో గాజులదాని కొడుక్కి ఫస్టుక్లాసా? వాడు గుంటూరు పోయి, ప్లీడరై వచ్చి, రేపు నా ఎదురుగా కుర్చీ ఏసుకుని కూకుంటాడా? మన మిల్లులో గుమాస్తా పనుంది, జేరమను."

నా సంగతి వేరే. క్రోసూరు వాళ్లతో నాకు సంబంధం కుదిర్చాడు. పెళ్లికొడుకు గుంటూరులో ఒక ప్లీడరు దగ్గర పని నేర్చుకుంటూ అక్కడే కాపురం పెట్టబోతున్నాడు. చూడటానికి వచ్చినప్పుడు ఇంకా చదువుకోవాలని ఉందా అని నన్ను అడిగాడు. ఉందన్నాను. టీసీ తెచ్చుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను పెళ్లికి ఒప్పుకున్నాను. తీరా నాన్నని టీసీ అడిగితే కస్సుమన్నాడు.

"ఆయనేదో మాటవరసకి అన్నాడు. కోడలు కాలేజీకి పోద్దంటే వాళ్ల నాన్న సంబంధం తెంపేస్తాడు. జిల్లా బోర్డు ఎలక్షన్లో నాకు క్రోసూరు ఓట్లు కావాల. నోరు మూసుకుని పీటల మీద కూకో."

జైనాబ్ బీ ఒకరోజు మా ఇంటిమీదికి వచ్చింది. మొదట బతిమాలింది. బతిమాలడం ఆమెకు చేతకాదు, రెండో మాటకే తిట్లలోకి దిగింది. నాన్న సైగ చేస్తే పాలేరు ఆమె మలారం లాక్కుని వీధిలోకి విసిరాడు. గాజులన్నీ ముక్కలయ్యాయి. పనికొచ్చేవి ఏరుకుంటూ, మా ముత్తాత దగ్గరనుంచి ఇంకా పుట్టని మనవళ్ల దాకా అందరినీ తిట్టి పోయింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. నేను అనలేని మాటలన్నీ ఆమె అంటోంది.

ఇంత జరిగాక కూడా నా పెళ్లికి గాజులు తొడగడానికి ఆమెనే పిలవాలని మా నాయనమ్మ పట్టుబట్టింది. "పగబట్టినదాన్ని ఇంట్లోకి పిలవడమేందమ్మా?" అని నాన్న విసుక్కున్నాడు.

"దాని నోరు చెడ్డదేగానీ చెయ్యి మంచిదిరా. ఈ ఇంట్లో అన్ని పెళ్లిళ్లకీ అదే తొడిగింది. ఒక్క గాజు చిట్లలా," అంది నాయనమ్మ.

పిలవగానే వచ్చింది. ఈసారి బతిమాలించుకోలేదు కూడా. అప్పుడైనా ఎవరికీ అనుమానం రాలేదు.

పెళ్లిరోజు పొద్దున్నే నన్ను నడవలో చాప మీద కూర్చోబెట్టారు. మగపెళ్లివారు అప్పటికే విడిదింట్లో దిగారు. వాళ్ల ఆడవాళ్లు పసుపు కుంకుమలతో ఏ క్షణానైనా రావచ్చు. జైనాబ్ బీ నా కుడిచెయ్యి పట్టుకుని ఆకుపచ్చ గాజులు నిండుగా తొడిగింది. తర్వాత నా ఎడమచెయ్యి అందుకోలేదు. మలారం కట్టేసి ఒళ్లో పెట్టుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏమే, ఆ చెయ్యి?" అంది నాయనమ్మ.

"నా కొడుకు కాయితం రానీ పెద్దమ్మా, తొడుగుతా."

ఒక చేతికి గాజులు తొడిగి రెండో చెయ్యి బోసిగా వదిలితే ఆ పిల్ల మొగుడికి కీడని మా వైపు నమ్మకం. మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. తొడిగినవి తీయకూడదు. ఆ ఒక్క ముడిలో మా ఇల్లంతా చిక్కుకుంది.

నాన్న చెర్నాకోల పట్టుకుని వచ్చాడు. "లెగవే," అన్నాడు.

"లెగుస్తా. నన్ను కొట్టి ఎల్లగొడితే ఈ చేత్తోనే పీటలెక్కుద్ది నీ కూతురు. కొట్టు ప్రెసిడెంటుగారూ. ఇంకా గట్టిగా అరువు, క్రోసూరోళ్లు కూడా ఇంటారు."

నాన్న చెయ్యి లేచింది. నాయనమ్మ అడ్డంపడి ఆయన కాళ్లు చుట్టేసుకుంది. కన్నకొడుకు కాళ్లు పట్టుకున్న ముసలిదాన్ని చూసి వంటింట్లో ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. జైనాబ్ బీ మాత్రం తమలపాకులు నములుతూ కూర్చుంది. విడిదింటి వైపు నుంచి సన్నాయి వినపడింది. మగపెళ్లివారి ఆడవాళ్లు బయలుదేరారన్నమాట. నాన్న చెర్నాకోల కింద పారేసి, పాలేరుని పక్కవీధిలో ఉన్న ప్రిన్సిపాలు ఇంటికి పరుగెత్తించాడు. సంతకం చేసిన టీసీ వచ్చింది. బీరువా తీసి ముద్ర కొట్టి ఆమె మీదికి విసిరాడు. వీధి గుమ్మం దగ్గర నిలబడ్డ బాజీని పిలిచి చదవమంది ఆమె. వాడు తలవంచుకుని చదివి, అంతా సరిగ్గా ఉందని చెప్పి కాగితం చొక్కాలో పెట్టుకున్నాడు. "రైలుకి పో. ఎనక్కి చూడొద్దు," అంది. వాడు వెళ్లిపోయాడు.

అప్పుడు ఆమె నా ఎడమచెయ్యి అందుకుంది. నేను పిడికిలి బిగించాను.

ఎప్పుడు అనుకున్నానో నాకే తెలియదు. బీరువా ఇంకా తెరిచే ఉంది. ముద్ర మీద సిరా ఇంకా తడిగా ఉంది. నాన్న అక్కడే ఉన్నాడు, ప్రిన్సిపాలు ఇంటికి మళ్లీ పరుగెత్తడానికి పాలేరూ ఉన్నాడు. సన్నాయి దగ్గరవుతోంది. ఆ ఇంట్లో నాన్న మెడ వంచడం నా జన్మలో మొదటిసారి చూశాను. ఇంకొక్కసారి వంచితే చాలు.

"నాది కూడా ఇప్పించు పిన్నీ," అన్నాను. "నువ్వు ఇంకాసేపు కూర్చో. అంతే."

నాన్న మొహం నల్లబడింది. కాదనలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను, ఆయన కాదని అనలేదు. నాయనమ్మ ఆయన వైపు చూసి, "ఇచ్చెయ్యరా, ఏం పోద్ది," అని కూడా అంది.

జైనాబ్ బీ నన్ను చూసింది, వీధి గుమ్మం వైపు చూసింది. బాజీ స్టేషను దారిలో ఉన్నాడు. నాన్నకు కోపం తిరగబెడితే పాలేర్లను పంపి ఆ కాగితం మళ్లీ లాక్కోవచ్చు. ఆ లెక్క ఆమె కళ్లలో నాకు స్పష్టంగా కనపడింది.

"నీకియ్యకపోతే ఏమైద్దే?" అంది నెమ్మదిగా. "ఇంట్లో కూకుని అన్నం తింటావు. వాడికియ్యకపోతే ఈ మలారం మోస్తాడు."

"నాకు అన్నం వద్దు పిన్నీ."

"వద్దంటాందంట," అని నాయనమ్మ వైపు తిరిగి నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, బొటనవేలి మొదట్లో వేళ్లు పెట్టి నొక్కింది. ప్రాణం పోయినట్టయింది. పిడికిలి దానంతట అదే విచ్చుకుంది. చిన్నపిల్లలను పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన రోజులనుంచీ ఎన్ని పిడికిళ్లు విప్పి ఉంటుందో. గాజులు ఒక్కొక్కటిగా నా మణికట్టు మీదికి జారిపోయాయి. నేను చెయ్యి ఎంత గుంజినా ఒక్కటి కూడా చిట్లలేదు. మగపెళ్లివారి ఆడవాళ్లు గుమ్మంలో అడుగుపెట్టేసరికి నా రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. నాన్న బీరువా మూసి తాళం చెవి మొలలో దోపుకున్నాడు.

పెళ్లయ్యాక గుంటూరులో మా ఆయన టీసీ ఏదని అడిగాడు. రాలేదన్నాను. అయితే సరే అన్నాడు. మనిషి మంచివాడే, కానీ మామగారిని ఎదిరించి అడిగే మనిషి కాదు. మరుసటేడు నా ఒళ్లో పిల్ల ఉంది. ఆ పై ఏడు కాలేజీయే లేదు. బాజీ బి.ఏ. పాసై గురజాలలో మాస్టరయ్యాడు. వాడంటే నాకు కోపం లేదు.

ఊళ్లోవాళ్లు ఈ కథ బాజీ రైలెక్కేదాకా చెప్పి ఆపేస్తారు. ఆ తర్వాతది చూసినవాళ్లు కూడా చెప్పరు. మీ నాన్న కదా ఇవ్వనిది, పాపం గాజులావిడ ఏం చేసింది అని మా అన్న మొన్న నన్ను మందలించాడు. నిజమే, బీరువా తాళం నాన్న చేతిలోనే ఉంది. కానీ నాన్న ఇవ్వడని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు, ఆయన మీద నేను ఆశే పెట్టుకోలేదు. ఆమె మీద పెట్టుకున్నాను. ఆమె ఇప్పించగలదని కళ్లారా చూశాను. ఇంకాసేపు కూర్చుంటే చాలు. కూర్చోలేదు.