ఇద్దరం కలిసి చదివిన చట్టం

2023లో నేను కువైట్‌లోని అబ్బాసియాలో, దూరవిద్యతో డిగ్రీ చదివే మనవాళ్ల కోసం నడిచే ఒక స్టడీ సెంటర్‌లో లైబ్రేరియన్‌ని. లైబ్రరీ అంటే రెండు బీరువాలు, కొన్ని కంప్యూటర్లు, అంతే. అక్కడ సెలవు రోజైన శుక్రవారం మాత్రం కాలు పెట్టే సందుండేది కాదు.

అలాంటి ఒక శుక్రవారం లక్ష్మీదేవి కళ్లనీళ్లతో వచ్చింది. మా కడప పిల్లే, మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. ఇంటిపనివాళ్ల వారపు సెలవు మీద తను రాసిన ప్రాజెక్టును, ఆధారం లేదని దాన్ని దిద్దే సారు తిప్పి పంపాడు. నెలాఖరులోగా సరిచేయకపోతే డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి.

"యూట్యూబ్‌లో చెప్పిందే రాసినా కదక్కా!"

"చెప్పినాయప్పకు ఎవురు చెప్పినారు పాపా?" అని కసిరాను.

ఎవరో చెప్పిన మాట కాకుండా అసలు కాగితాన్నే చూపితే దాన్ని మేం ప్రైమరీ సోర్స్ అంటాం. ఇక్కడ అది చట్టమే. వెతికితే దొరికింది గానీ అరబ్బీలో, మసక స్కాన్ కాపీ. ఫోన్‌లో అనువాదం చేయబోతే ఏదేదో కూసింది. లక్ష్మీదేవి తన మామాతో, అంటే ఇంటి యజమానురాలితో, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, కానీ అక్షరం ముక్క రాదు. నేనేమో చిన్నప్పుడు ఖురాన్ కోసం అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అర్థం మాత్రం సున్నా.

"ఖలాస్, అయిపాయ నా చదువు" అంటూ లేవబోయింది.

"కూచో తల్లీ! నేను చదువుతా, నువ్వు ఇను."

కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. అచ్చుల గుర్తులు లేని రాత కాబట్టి ఒక్కో మాటను రెండు మూడు రకాలుగా పలికి చూశాను. "రాహా... ఉస్బూ..."

"ఉస్బూఇయ్యా! వారం వారం రెస్టు అక్కా!" అని అరిచింది. అందరూ తలలు తిప్పారు. తిప్పనీ, నాకు ఎంత సంతోషమైందో!

సాయంత్రానికి చట్టంలోని ఆ సెలవు క్లాజు తెలుగులోకి వచ్చింది. తరువాత అరబ్బీ తెలిసిన లాయరుకు చూపిస్తే ఒక్క మాటే మార్చాడు. ఇక మిగిలింది రిఫరెన్సులు, అంటే ఏ మాట ఎక్కడినుంచి తెచ్చామో చెప్పే పట్టిక. చట్టం పేరు పక్కన 'అనువాదం' అని రాసి, లక్ష్మీదేవి ఆగిపోయింది.

"నీ పేరు రాయి."

"నా పేరా? ఇండ్లలో పని చేసుకునేదాన్నక్కా!"

"మరి అనువాదం చేసిందెవురు, మీ మామానా?"

నవ్వి, తన పేరు రాసింది. పక్కనే నా పేరూ రాసి, "నువ్వు చదవకపోతే నాకేం తెలుస్తాది?" అంది. ఈసారి ప్రాజెక్టు పాసయింది.

అంతకుముందు ఎవరొచ్చినా ఏ పుస్తకం కావాలని అడిగేదాన్ని. ఇప్పుడు ముందుగా, ఏయే భాషలు వచ్చని అడుగుతున్నాను. ఆధారం దొరకడం సగం పనే. దాన్ని అర్థం చేసుకోగల మనిషి ఒక్కోసారి మన ఎదురుగానే కూర్చుని, తనకేమీ రాదని ఏడుస్తూ ఉంటుంది.