మామ తొట్టి దగ్గర దుప్పుల వైద్యం

కంపౌండరు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఒక ధీమా ఉంటుంది. సీసాల మీద పేర్లు చదవడం వచ్చేసింది కాబట్టి, లోకంలో ఉన్న జబ్బులన్నీ ఇక తన మాట వింటాయనుకుంటాడు. ఆ రోజుల్లో నేనూ అట్లాంటివాణ్ణే. కర్నూలు రాజధానిగా ఉండి, కచేరీలు గుడారాల్లో నడుస్తున్న కాలం అది. నా ఈడువాళ్ళందరూ ఆ గుడారాల్లో ఏదో ఒకదాంట్లో గుమాస్తాలుగా దూరాలని తిరుగుతుంటే, నాకు మాత్రం మహానంది అవతల, నల్లమల కొండల అంచున ఉన్న ఒక పశువుల ఆసుపత్రిలో పని దొరికింది. (ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందర ఒక వేపచెట్టు. రోగులు చెట్టుకింద, మందులు ఒక గదిలో, నేను రెండో గదిలో.) అయినా నాకేమీ చిన్నతనం అనిపించలేదు. అందుకు కారణం మా డాక్టరుగారు.

ఆయనది వేంపల్లె వైపు. భారీ మనిషి. నవ్వితే ముందు పొట్ట నవ్వేది, తర్వాత మొహం నవ్వేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని 'ఎద్దుల దొర' అనేవారు. ఏ పశువునైనా ముట్టుకునే ముందు దానితో కాసేపు మాట్లాడేవారు. "ఏమ్మా, యాడ నొస్తాండాది?" అని గేదెను అడిగి, అది చెప్పేదాకా ఆగినట్టు నిలబడేవారు. నాకు నవ్వొచ్చేది గాని, తన్నే గేదెలు కూడా ఆయన దగ్గర తన్నేవి కావు. నన్ను మాత్రం తన్నేవి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొండలో చెలమలన్నీ ఎండిపోయి, దుప్పులు పొద్దుగుంకే వేళకు కిందికి దిగి మా మామ తొట్టి దగ్గర నీళ్ళు తాగేవి. మామ అంటే మా అమ్మకు పెద్దన్న. ఆసుపత్రికి పక్క ఊళ్ళోనే పెద్ద సేద్యం. కొండకింద చేలో ఎద్దులతో నీళ్ళు తోడే కపిలె బావి, దాని పక్కన రాతి తొట్టి, చుట్టూ కంప, కంపకు ఒకటే సందు. పగలు మామ పశువులూ, సాయంత్రం కొండ దుప్పులూ ఆ తొట్టిలోనే తాగేవి. ఇంతలో మామ ఎద్దులకు నెత్తురు పీల్చే పిడుదులు పట్టాయి. చెవుల వెనక, గంగడోలు కింద, ఎక్కడ చూసినా ఆముదపు గింజల్లా ఉబ్బి వేలాడుతుండేవి. దాంతో జ్వరం వచ్చి, జోడెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. మా మామకు ఎద్దులంటే కొడుకుల తర్వాత కాదు, ముందే. మూడో నాడు డాక్టరుగారూ నేనూ వెళ్ళేసరికి, ఎప్పుడూ గోడకు వేలాడే తుపాకి ఆయన ఒళ్ళో ఉంది.

"కొండలో పిడుదులన్నీ మోసుకొచ్చి నా తొట్టికాడ దులిపి పోతాండాయి ఈ దుప్పులు. ఈ పొద్దు కాపు కూచుంటా. ఎన్ని వస్తే అన్ని" అన్నాడు.

డాక్టరుగారు నులకమంచం మీద నెమ్మదిగా కూర్చున్నారు. (మంచం చేసిన చప్పుడు అందరమూ విననట్టు ఉండిపోయాం.) "దుప్పులకు మాత్రం పిడుదులు యాడనుంచి వచ్చినాయప్పా? పోయిన ఏడంతా మన పశువులు మేసింది ఆ కొండలోనే గదా. మనం ఇచ్చిందే మనకు తిరిగొచ్చిందేమో" అన్నారు.

"అయితే నా ఎద్దుల్ని కాల్చుకోమంటావా, డాక్టరప్పా?"

"ఎవుర్నీ కాల్చొద్దు. వైద్యం చేద్దాం."

"ఎవురికి?"

"దుప్పులకు."

మామ నావైపు చూశాడు. మీ డాక్టరుకు ఎండదెబ్బ గాని తగిలిందా అన్నట్టుంది ఆ చూపు. వంటింట్లోంచి అత్త మాత్రం గట్టిగా నవ్వింది. "బాగుండాది. చీటీ రాసిస్తే అవే ఆస్పత్రికొచ్చి మందు తీసుకుపోతాయా?"

ఎలా చెయ్యాలో డాక్టరుగారు అప్పటికే ఆలోచించుకున్నారు. కంప సందులో పైన అడ్డంగా ఒక వాసం కట్టాలి. దానికి గోనెసంచులు వేలాడదీసి, వాటి నిండా పురుగులమందు పొడి పొయ్యాలి. దుప్పులు నీళ్ళకు పోతూ సంచుల కింద దూరితే, వీపు రాసుకుని పొడి దానంతటదే రాలుతుంది. పట్టుకోనక్కర్లేదు, బెదరగొట్టనక్కర్లేదు. నాకైతే ఆ ఆలోచనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టి ఊరుకుంటే బాగుండేది. "సంచి ఎంత ఎత్తున కట్టాల సార్?" అని అడిగాను. దుప్పి వీపు ఎంత ఎత్తుంటుందో అక్కడెవరికీ సరిగ్గా తెలియదు. డాక్టరుగారు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నువ్వు వంగు" అన్నారు.

అలా ఒక సర్కారు ఉద్యోగి చేతులూ కాళ్ళూ నేలకానించి కంప సందులో దుప్పిలా నడిచాడు. "నడుము దించు. అంత ఎత్తు దుప్పి లోకంలో ల్యాదు" అని డాక్టరుగారు. "తోకాడించమనప్పా" అని మామ. ఎద్దు పోయిన నాటి నుంచి ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి కాబట్టి నేను ఆ మాటను మనసులో పెట్టుకోలేదు. సంచి వీపుకు తగిలింది. పొడి బ్రహ్మాండంగా పనిచేసింది. తుమ్ముకుంటూ, తెల్లగా, బూజు కంపు కొడుతూ ఇవతలికొచ్చాను. ఊళ్ళోకి వస్తే కుక్కలు నన్ను గుర్తుపట్టలేదు, అత్త గుర్తుపట్టి కూడా గడప దాటనివ్వలేదు. బావి దగ్గరే సీకాయతో రుద్దించుకుంటే గాని అన్నం పెట్టలేదు.

మొదటి సాయంత్రం దుప్పులు సంచులను చూసి దూరంగా నిలబడిపోయాయి. మేం ముగ్గురం చెరుకు గానుగ గుడిసె వెనక నక్కి చూస్తున్నాం. మామ ఒళ్ళో తుపాకి అలాగే ఉంది ("ఎందుకైనా మంచిది" అని). చివరికి ఒక ముసలి ఆడదుప్పి మెడ సాచి, వాసన చూసి, తలొంచి సంచి కింద దూరింది. దాని వెనక మిగతావి. చుక్కల వీపుల మీద తెల్లటి పొడి సన్నగా రాలుతుంటే, సందెవెలుగులో పసుపూ బియ్యం చల్లినట్టుండింది. డాక్టరుగారి మొహం చూశాను. ఆయన పండగ రోజు చిన్నపిల్లవాడిలా ఉన్నారు.

కొన్నాళ్ళకు మామ తుపాకి తేవడం మానేశాడు. బదులు బంధువులను తేవడం మొదలుపెట్టాడు. "నా దుప్పులు చూద్దురు రాండి" అని ఊరూరా చెప్పుకున్నాడు. అన్నిటికంటే చివర, తల పైకెత్తి, అంతా తనకోసమే సిద్ధంగా ఉందన్నట్టు వచ్చే పెద్ద కొమ్ముల పోతుకు 'కొత్తల్లుడు' అని పేరు పెట్టాడు. వాటికి టీకాలు వెయ్యాలని, కొమ్ములకు రంగు కొట్టాలని, ఇంకా ఏవేవో అడిగేవాడు. డాక్టరుగారు వినీ విననట్టు ఊరుకునేవారు.

ఒకనాడు ఆ కొత్తల్లుడు నీళ్ళు తాగి తిరిగి వస్తుంటే కొమ్ములు సంచికి తగులుకున్నాయి. విదిలించాడు. సంచి చిరిగింది. ఇంకా విదిలించాడు. పొడంతా గాల్లోకి లేచింది. సగం సంచి ఒక కంటిమీద తలపాగాలా వాలగా, కొత్తల్లుడు కంపమీదుగా ఎగిరి కొండకేసి పరుగెత్తాడు. మంద మొత్తం చెదిరిపోయింది. నాకు నవ్వొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే డాక్టరుగారు నవ్వడం లేదు. తొట్టివైపు చూస్తున్నారు. నీళ్ళమీద తెల్లగా పొడి తేలుతోంది.

"అవి యాడికీ పోవు. దప్పిక భయాన్ని మరిపిస్తాది. కాసేపటికి మళ్ళా వస్తాయి" అన్నారు. అని, చొక్కా విప్పి తొట్టి దగ్గరికి పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. తొట్టి తూములో కుక్కిన గుడ్డ లాగేశాం. ఆ నీళ్ళు చేలోకి పారకుండా గుంట తవ్వి మన్ను కప్పాం. నేను తొట్టిలోకి దిగి పీచుతో తోముతుంటే, ఆయన కడిగి పోస్తూ, మళ్ళీ తోమిస్తూ ఉన్నారు. జీతగాళ్ళు అప్పటికే ఇళ్ళకు పోయారు. తొట్టి నింపేదెవరు? మామ పై కండువా తలకు చుట్టి, మిగిలిన ఎద్దుకు ఇంకో ఎద్దును జతచేసి, తానే కపిలె తోలాడు. పెళ్ళైన తర్వాత ఆ పని చేసి ఎరగడు. "హో హో" అంటూ ఎద్దులను వెనక్కీ ముందుకూ నడుపుతున్నాడు. కొండ మొదట్లో దుప్పులు వరసగా నిలబడి మావైపే చూస్తున్నాయి. మసకలో వాటి తెల్లటి పొట్టలు మాత్రం కనబడుతున్నాయి. "వస్తాండాదమ్మా, వస్తాండాది. రవ్వంత ఉండండి" అని మామ వాటికి వినబడేటట్టు అరుస్తున్నాడు. తుపాకి పట్టుకున్న మనిషి ఈయనేనా అనిపించింది నాకు.

తొట్టి నిండింది. మేం వెనక్కి జరిగాం. అవి వచ్చి తాగాయి. కొత్తల్లుడు మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున కొండ ఎక్కితే సంచి ఒక రేగుపొదకు చిక్కుకుని కనిపించింది. సాయంత్రం కొత్తల్లుడూ వచ్చాడు. కొమ్ముకు ఒక గోనెపీలిక ఉంది గాని, దర్జా ఏమీ తగ్గలేదు. డాక్టరుగారు పెద్దగా ఊపిరి వదిలి, నన్ను పిలిచి వాసం విప్పమన్నారు.

"ఇదేం పనప్పా! నా దుప్పులకు వైద్యం నిలిపేస్తావా?" అని మామ అడ్డం నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఎద్దు నీది. దానికి ముక్కుతాడు నువ్వు వేసినావు, కాడి నువ్వు వేసినావు. దాని జబ్బు నీదే. దుప్పికి మనమేం వేసినామని? అదిగో చూడు." ముసలి ఆడదుప్పి వీపుమీద ఒక గోరువంక కూర్చుని పిడుదులు ఏరుకుంటోంది. "మన పొడి పడిన పిడుదును అది తింటే దాని గతేంది? నాకు ముందే తోచుండాల్సింది. తోచలేదు. నిన్న వాటి దప్పికకే అడ్డం పడినాం. ఇంక చాలు."

ఊరంతా మెచ్చుకుంటున్న పనిని, ఎవరూ వేలెత్తి చూపకముందే, తన నోటితో తప్పని చెప్పి తన చేత్తో విప్పేసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా ఎక్కువమందిని చూడలేదు. ఎద్దులకు మా చేతులతోనే మందు రాశాం. వానలు పడేదాకా వాటిని కొండకు తోలొద్దన్నారు. కంపకు అవతల దుప్పులకు వేరే తొట్టి కట్టించారు. సాయంత్రం పూట ఎవరూ ఆ దిక్కుకు పోకూడదని గట్టిగా చెప్పారు.

నేను కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒకనాడు ఓర్చుకోలేక పోయి తంగేడు పొదల్లో దూరితే, పక్కనే మామ.

"నీకేం పనిరా ఈడ?"

"మరి నీకో?"

"ఎద్దు తప్పిపోయింది. వెతుకుతాండా." (ఎద్దు బావి దగ్గర కట్టేసి ఉంది, మావైపే చూస్తూ నెమరేస్తోంది.)

ఇంతలో ముందు పొదలోంచి గుసగుసగా ఒక గొంతు వినిపించింది: "రవ్వంత నోళ్ళు మూసుకోండప్పా, వస్తాండాయి." ఆ పొదకు రెండువైపులా మా డాక్టరుగారి పొట్ట కొంచెం కొంచెం బయటికి కనబడుతోంది.

ముగ్గురం ఊపిరి బిగబట్టాం. దుప్పులు వచ్చాయి. మేమున్నామని వాటికి తెలుసునేమో కూడా. తాగాయి, పోయాయి. మేమూ ఎవరి దారిన వాళ్ళం ఇళ్ళకు పోయాం.

ఆనాటి ఆ కుర్ర కంపౌండరును తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. లోకంలో ఉన్న జబ్బులన్నీ కుదర్చడానికి బయల్దేరినవాడు, ఒక జంతువు తనంతట తాను నీళ్ళు తాగి పోవడం చూసి అంత సంతోషంగా ఇంటికెందుకు పోయాడో అతనికే తెలియదు. నాకిప్పుడు తెలుసు. చెబుదామంటే మామా, డాక్టరుగారూ ఇద్దరూ లేరు. ఆ పొదల వెనక కూర్చోమంటే ఈ వయసులో కూడా కూర్చోగలను. లేవదీయడానికి మాత్రం ఇద్దరు కావాలి.