జోజి బావ తీసేసే లైను

మా జోజి బావకి ఒకటే జబ్బు. కలిపిన లైను ఉంచడు. పని అవ్వగానే తీసేస్తాడు, మర్నాడు మళ్లీ మొదటినుంచీ కలపమంటాడు. కలపాల్సింది నేను.

ఆయన స్టీల్ ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రిటైరయ్యాడు. పుట్టుకతోనే చూపు లేదు. ‘హలో’ అంటే చాలు, ఎవరో, ఏ డిపార్టుమెంటో, పొద్దున్న టిఫిను తిన్నారో లేదో చెప్పేసేవాడు. ఇప్పుడు కూర్మన్నపాలెంలో మా పక్కిల్లు. ఆయన ఒళ్లో ఎప్పుడూ ఓ బ్రెయిలీ యంత్రం ఉంటుంది. పలకంత పెట్టె. మీటలు నొక్కి రాస్తాడు, ముందున్న పట్టీ మీద చుక్కలు లేస్తుంటే వేళ్లతో చదువుతాడు. దానికి ఇంటర్నెట్ కావాలంటే ఎవరి ఫోనులోనైనా హాట్‌స్పాట్ వెయ్యాలి. ఆయనది బటన్ల ఫోను. చుట్టుపక్కల ఖాళీగా దొరికేది నేను, దొరబాబుని.

ప్లాంటులో పొద్దుటి షిఫ్టు చేసొచ్చి, అన్నం తిని నడుం వాల్చేసరికి గోడ అవతలనుంచి కేక.

“బావా! లైను కావాల.”

“నిన్న కలిపేను కదా బావా!”

“నిన్నది నిన్నే తీసేసేను. మాటలయిపోనాక కూడా లైను పట్టుకు కూకుంటే అవతలోడి గతేటి?”

“ఇందులో అవతలోడెవుడు? నా ఫోను, నీ పెట్టె!”

“డూటీ డూటీయే. హాట్‌స్పాట్ ఏసేవా? ఎక్కడ నొక్కేవో గట్టిగా సెప్పు.”

చెప్పాలి. వీధి చివరిదాకా వినబడేలా చెప్పాలి. తప్పు నొక్కితే దిద్దడు. నేను చెమటలు కక్కి, ఫోను కంపెనీవాణ్ని తిట్టి, యంత్రాన్ని తిట్టి, నా జాతకాన్ని తిట్టుకున్నాక అప్పుడు తీరిగ్గా అడుగుతాడు, “మొబైల్ డేటా ఏసేవా?” అని. వేసి ఉండను. ఒకరోజు హాట్‌స్పాట్ వేసి టీకి వెళ్లాను. ఎవరూ కలవకపోయేసరికి అదే ఆరిపోయింది. ఇంకోరోజు విమానం బొమ్మ మీద వేలు పడి ఊరందరితోనూ సంబంధం తెగిపోయింది. మా ఆవిడ సూర్యకళ కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వేది. “అదేం బెమ్మవిద్యేటండీ? ఆమాత్రం రాదా?”

ఒళ్లు మండి ఓసారి పాస్‌వర్డు మార్చేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘జోజి వెళ్లిపో’ అని పెట్టాను. ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్కో మీటా నొక్కాడు. ఎక్కడా తొణకలేదు. “మొదటి అచ్చరం పెద్దదా, సిన్నదా?” అన్నాడంతే.

ఆ రోజుల్లోనే దేవి పరీక్ష దగ్గరపడింది. దేవి జాలరిపేటలో చేపలమ్మే గంగాలమ్మ కూతురు. ఆ పిల్లకీ చూపు లేదు. బ్రెయిలీ, ఇంగ్లీషు నేర్పింది జోజి బావే. ఒక కంపెనీలో ఫోనులో మాట్లాడే ఉద్యోగానికి ఆ పరీక్ష. శనివారం పదింటికి ప్రశ్నలు ఇంటర్నెట్లో ఆమె బ్రెయిలీ యంత్రానికి వస్తాయి, గంటలోపల జవాబులు పంపాలి. లైను కలవకపోతే ఉద్యోగం లేదు. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లమ్మ పాత ఫోనొక్కటే. తెర మీదున్నది దానిచేత పైకి చదివించబోతే బిగుసుకుపోతుంది. కాబట్టి గంగాలమ్మే చూసి నొక్కాలి. ఆవిడకి ఆకుపచ్చ బొమ్మ నొక్కి మాట్లాడ్డం తప్ప ఇంకేమీ తెలీదు.

“ఆ పిల్ల సంగతి సూడక నా పేణం తీత్తావేటి బావా?” అని అరిచాను.

“నువ్వు నీ లైను సూడు.”

ఆయన భార్య రత్నమణి అక్క ఆ రోజు నాకు టీ ఇస్తూ, “ఆ పెట్టె ఒకపాలి కలిపితే దానికే గుర్తుంటాది తమ్ముడూ. ఈయనే రోజూ మరిపించేత్తన్నారు,” అంది. నాకు కప్పు విసిరికొట్టాలనిపించింది. టీ బాగుండబట్టి ఆగాను.

శనివారం జోజి బావ నన్నూ జాలరిపేట లాక్కెళ్లాడు. గదిలో తల్లి తప్ప ఎవరూ ఉండకూడదని కంపెనీవాళ్లు చెప్పారట. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. నేను లోపలికి దూరతానేమోనని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఏసేనే,” అంది లోపల గంగాలమ్మ.

“నాకేటీ రాలేదమ్మా.”

పది కావస్తోంది. నేను లేవబోయాను. జోజి బావ చెయ్యి వదల్లేదు.

“డేటా ఏసేవా?” అంది దేవి నిదానంగా.

“అయ్యో, ఎయ్యనేదే!” కాసేపాగి మళ్లీ, “ఇందాకుండేదే, ఆరిపోనాది!”

“సేపల బుట్ట కాడికెల్లేవు కదూ? ఎవులూ కలవకపోతే అదే ఆరిపోద్ది. మళ్లీ ఏసి ఇక్కడే ఉండు. ఇమానం బొమ్మ మీద యేలెట్టకు.”

నేను చెవులు రిక్కించాను. ఆ తప్పులు నావి. అన్నీ నావే.

తర్వాత మీటల టకటక తప్ప ఏమీ వినబడలేదు. గంట గడిచాక దేవి బయటికొచ్చింది, మొహమంతా నవ్వు.

“అన్నీ ఎల్లిపోనాయి మాస్టారూ! దొరబాబుగారొచ్చేరా? మీ వల్లే గట్టెక్కేనండి. ‘ఈయేల దొరబాబు ఈ తప్పు సేసేడు, రేపు మీయమ్మ కూడా అదే సేత్తాది, సూసుకో’ అని మాస్టారు రోజూ ఫోను సేసి సెప్పీవోరు.”

నేను జోజి బావకేసి తిరిగాను. “ఊరంతా ఉండగా నానే దొరికేనా?”

“తెలివైనోడైతే ఒకపాలికే నేర్సేసుకుంటాడు బావా. ఆడి దగ్గర తప్పులెక్కడ దొరుకుతాయి? కళ్లున్నోడి యేలు ఎక్కడెక్కడ తప్పుద్దో నాకేటి తెలుసు? నువ్వు రోజూ సూపించేవు. అందుకే రోజూ లైను తీసేసేను.”

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తుంటే ఎంతోసేపు నిలవలేదు. నా తెలివితక్కువతనం ఒకరికి అన్నం పెడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, గర్వంగానే అనిపించింది.

దేవికి ఉద్యోగం వచ్చిందని తెలిసిన సాయంత్రమే గోడ అవతలనుంచి కేక.

“బావా! లైను కావాల. యారాడలో ఇంకో పిల్లుంది. ఆళ్ల తాత నొక్కాల.”

పరిగెత్తుకెళ్లాను. డేటా వేశాను. హాట్‌స్పాట్ వేశాను. విమానం జోలికి పోలేదు, కుర్చీలోంచి కదల్లేదు. లైను ఇట్టే కలిసింది. మెచ్చుకుంటాడని చూస్తున్నాను.

జోజి బావ మొహం వేలాడేశాడు.

“పాడైపోనావు బావా. నేర్సేసుకున్నావు. ఇంక నువ్వు పనికిరావు. మీ ఆవిణ్ని పిలు.”

గోడ దగ్గరికెళ్లి సూర్యకళని పిలిచాను. ఆవిడ వచ్చేలోగా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, ఆవిడ వేళ్లు బాగా కనిపించేచోట కూర్చున్నాను.