చిన్న దెబ్బే, నిదానంగా రా

మా ఆయన సేఫ్టీ ఇంజనీరు. హెల్మెట్ పెట్టుకోండి, నడుముకు తాడు కట్టుకోండి, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోండి అని రోజూ పదిమందికి చెప్పి జీతం తెచ్చుకునే మనిషి. ఇంట్లో చిన్నవాడు స్టూలెక్కి అలమర తెరిస్తే చాలు, వాడి చెవి పట్టుకుని గంటసేపు పాఠం చెబుతాడు. అలాంటివాడు చలికాలం రాగానే తోలు సూటు బిగించుకుని, సముద్రం మధ్యలో ఉన్న దీవి చుట్టూ మోటార్ సైకిల్ పందేనికి పోతాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్న సామెత ఎవరిని చూసి పుట్టించారో తెలియదు గానీ, మా ఇంట్లో మాత్రం బాగా పనికొస్తుంది.

ఆ పందెం సంగతి కొంచెం చెప్పాలి. సౌదీలో మేముండే ఖోబర్ నుంచి జుబైల్ దాటి ఇంకా పైకి పోతే, సముద్రంలోకి వేసిన పొడవాటి వంతెన ఒకటి వస్తుంది. దాని చివర ఉన్నదే ఆ దీవి. ఒక చేపల రేవు, ఒక మసీదు, నీళ్ళ ట్యాంకు, కాసిని ఖర్జూరపు తోటలు, వీటన్నిటినీ చుట్టి వచ్చే ఒక్క తారురోడ్డు. ఏడాదికోసారి శుక్ర శనివారాలు ఆ రోడ్డు మూసేసి పండగలా పందేలు పెడతారు. బతుకుతెరువు కోసం బండి తోలేవాడు అందులో ఒక్కడూ ఉండడు. సౌదీ కుర్రాళ్ళు, బ్యాంకుల్లో పనిచేసే లెబనాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ నర్సులు, మా ఆయనలాంటి నడివయసు ఇండియన్లు. రోడ్డు పక్కన టెంట్లు, పిల్లలకు మొక్కజొన్న పొత్తులు, పెద్దలకు ఫ్లాస్కుల్లో గహ్వా కాఫీ, ఖర్జూరాలు. నమాజు వేళకు ఇంజన్లన్నీ ఆగిపోతాయి. మళ్ళీ మొదలయ్యేలోపు, రేవు దగ్గర మలుపులో గాలికి చేరిన ఇసుకను చీపుర్లు పట్టుకుని ఊడుస్తారు.

కిందటి ఏడు పిల్లలతో కలిసి నేనూ వెళ్ళాను. ఆ రేవు మలుపు దగ్గరే నిలబడ్డాను. మా ఆయన వచ్చాడు. బండి ఒక పక్కకు ఒరిగిపోయింది, మోకాలు రోడ్డుకు రాసుకుంటోంది. పిల్లలు డాడీ అని గంతులేశారు. నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు చివరి నుంచి నాలుగోవాడిగా వచ్చాడు. ఇంటికొచ్చేదాకా మొదటి బహుమతి వచ్చినట్టు మాట్లాడుతూనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడి ముఖం వచ్చేసింది ఆయనకు. దాన్ని చూసి సంతోషపడాలో, చెంప మీద ఒక్కటివ్వాలో నాకు తేలలేదు.

అందుకే ఈ ఏడు నేను రానన్నాను.

"నాకు సూడబుద్ధి గాదు. నువ్వు పో."

"పిల్లలనన్న తోలుకపోత."

"వాళ్ళకు గూడ సూపియ్యబుద్ధి గాదు."

గురువారం సాయంత్రం బండిని పికప్‌లో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వెంట కడపతను ఒకడు ఉన్నాడు. మెకానిక్కు. బండి తయారు చేసేది, దానికి సేవలు చేసేది, పందెంలో నూనె డబ్బా పట్టుకుని నిలబడేది అతనే. మా ఆయనను అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. రంజాన్ నెలలో హలీం డబ్బా పట్టుకుని వచ్చే మనిషి, మంచివాడు.

శుక్రవారం మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుంటే అతని ఫోను వచ్చింది.

"వదినా, ఏం కాల్యా. అన్నకు సిన్న దెబ్బే. నువ్వేం బయపడాకు. బయల్దేరి రా."

"ఆయనకు ఫోనియ్యి."

"అన్న ఫోను పగిలిపాయ వదినా. ఆస్పత్రిలో ఉండాడు, లోపలికి తీస్కపోయినారు. నువ్వు నిదానంగా రా. ఒక్కదానివే రావాకు, ఎవర్నన్నా తోడు పిల్చుకో. పిల్లోల్లను గూడా పిల్చుకోని రా."

ఫోను పెట్టేశాడు. నేను స్టవ్ ఆర్పి, నేల మీద కూర్చుండిపోయాను.

మా తెలుగువాళ్ళకు చావు కబురు చెప్పడం రాదు. ఎంత చదువుకున్నా, ఏ దేశంలో ఉన్నా, పోయాడన్న మాట ఫోన్లో నోటి వెంట రాదు. జర సీరియస్‌గా ఉందంటారు. బయల్దేరి రమ్మంటారు. మా బాపు పోయిన రోజు నేను హనుమకొండ హాస్టల్లో ఉన్నాను. చిన్నాయన వచ్చి, "బాపుకు జర పాణం బాగలేదు, పోదాం పా బిడ్డా" అన్నాడు. కరీంనగర్ దాకా బస్సులో నా పక్కన కూర్చుని, టీ తాగుతావా, బిస్కెట్ తింటావా అని అడుగుతూనే ఉన్నాడు. దవాఖానలో డాక్టరు మంచివాడని కూడా చెప్పాడు. మా గల్లీ మలుపు తిరిగితే ఇంటి ముందు టెంటు వేసి ఉంది, కుర్చీలు వేసి ఉన్నాయి. అప్పటికి బాపు పోయి పూట దాటింది. చిన్నాయన మీద నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

అందుకే కడపతను చెప్పిన ఒక్కొక్క ముక్కా నాకు విడివిడిగా అర్థమైంది. ఏం కాలేదట. చిన్న దెబ్బట. మరి నిదానంగా రమ్మనడం ఎందుకు? తోడు ఎందుకు? చిన్న దెబ్బకు పిల్లలెందుకు?

ఎదురింటి పిన్నిగారి తలుపు కొట్టాను. అమలాపురం ఆవిడ, మా అజీజియా పేటలో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. పిలుపు ఎలా వచ్చిందో అలాగే చెప్పాను. ఆవిడ ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే సర్దుకున్నారు.

"ఏం కాదే అమ్మాయ్. చిన్నదే అయ్యుంటుంది. ఉండు, నేనూ వచ్చేస్తాను."

లోపలికి వెళ్ళేటప్పుడు శుక్రవారం కదా, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ఉన్నారు. బయటికి వచ్చేటప్పటికి వెలిసిపోయిన నేత చీరలో ఉన్నారు. చేతిలో సంచి, అందులో బ్రెడ్డు, నీళ్ళ సీసాలు. "పిల్లలవి రెండేసి జతలు పెట్టుకో. ఇకామాలు, పాస్‌పోర్టులు పట్టుకున్నావా?" అన్నారు నా వైపు చూడకుండా. ఆ చీర చూశాక నాకు మిగిలిన కాస్త ఆశా పోయింది.

కారు నేనే నడుపుతానన్నాను. ఆవిడ వద్దన్నారు. పక్కన ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందన్నాను. వెనక సీట్లో పిల్లలు. అమ్మాయి అడిగింది, "మమ్మీ, డాడీకి ఏమైంది?"

"చిన్న దెబ్బ బిడ్డా," అన్నాను.

"ఓకే," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఖోబర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చిన్న దెబ్బ అంటే చిన్న దెబ్బే అనుకుంది. అద్దంలో దాని ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

దమ్మాం దాటాక కడపతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తి, "వచ్చేయ్ వదినా, ఈడ మాట్లాడనీకి గాదు," అని పెట్టేశాడు. బతికే ఉన్నాడా అని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీరనుకుంటారు. అడిగి ఏం లాభం? ఉన్నా ఉన్నాడనే అంటాడు, లేకపోయినా ఉన్నాడనే అంటాడు. నిజం చెప్పడానికి వాడే మాటలన్నీ మేమెప్పుడో అబద్ధానికి ఖర్చుపెట్టేసుకున్నాం.

జుబైల్ దగ్గర్లో అమ్మ ఫోన్ చేసింది. కారు స్పీకర్లో అందరికీ వినిపిస్తోంది.

"ఏడున్నవ్ బిడ్డా? తిన్నవా?"

ఆ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. వెనక నుంచి మా అన్న గొంతు, పక్కింటివాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరో ముక్కు చీదారు. పిన్నిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అజీజియా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆవిడ ముందే ఒక ముక్క పెట్టారని తర్వాత తెలిసింది. దండం పెట్టిన బొమ్మ, మా ఆయన కోసం దేవుణ్ణి వేడుకోండని ఒక వాక్యం. అంతే. అది కరీంనగర్ చేరడానికి ఎంతసేపు?

"తిన్ననే," అన్నాను.

"పైలంగ పో బిడ్డా. ధైర్నం ఇడువకు."

ధైర్యం అన్న మాట రాగానే ఫోను పెట్టేశాను. ఏడుపు మాత్రం రాలేదు. ఏడుపు వచ్చుంటే బాగుండేది. దాని బదులు బుర్ర తన పని తాను మొదలుపెట్టింది. మా ముగ్గురి ఇకామాలు, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డులు, ఆయన ఇకామా మీదే ఉన్నాయి. ఆయన లేకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదిలి వెళ్ళిపోవాలి. అంతకంటే ముందు శవం పంపాలి, దానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో గల్ఫ్ నుంచి శవపేటికలు దిగడం చూసిన మా జిల్లావాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎవరిని అడగాలి, ఏ రోజు ఎక్కడికి పోవాలి, పిల్లల స్కూల్లో టీసీ ఎప్పుడు తీసుకోవాలి. ఇండికేటర్ వేస్తున్నాను, లేన్ మారుతున్నాను, పక్కన ట్రక్కుకు దారిస్తున్నాను, లోపల ఇదంతా వరసగా సర్దుకుంటూ పోతోంది. నా మీద నాకే అసహ్యమేసింది. మనిషి పోయాడన్న కబురు వింటే గుండె పగలాలి కదా, ఇదేం బుద్ధి నాది అనుకున్నాను. అయినా అది ఆగలేదు.

ఆస్పత్రి వంతెనకు ఇవతల ఊళ్ళోనే ఉంది. వాకిట్లో కడపతను నిలబడి ఉన్నాడు. చొక్కా మీద నూనె మరకలు, ఇసుక. నన్ను చూడగానే తల దించుకున్నాడు. పిన్నిగారు నా భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నారు. అతని వెనకే నడిచాను. వరండా చివర గది తలుపు తీశాడు.

మా ఆయన మంచం మీద కూర్చుని లబన్ మజ్జిగ తాగుతున్నాడు.

ఎడమ చెయ్యి మెడకు వేలాడేసి కట్టు కట్టారు. ఒక చెంప గీరుకుపోయింది. పక్క మంచం మీద ఉన్న ఫిలిప్పీన్స్ అతనికి కుడి చేత్తో గాలిలో మలుపు గీసి, ఇసుక ఎక్కడుందో ఇంగ్లీషులో వివరిస్తున్నాడు. మా గుంపును చూసి ఆగాడు.

"ఇంతమందిని తోలుకొచ్చినవేంది? కాలర్ బోన్ ఇరిగింది, గంతే. ఏం గాలేదని చెప్పమన్న గదా?"

"చెప్పిండు," అన్నాను.

పిన్నిగారు ఒక్కసారిగా ఏడ్చేశారు. ఏడుస్తూనే కడపతని వీపు మీద ధబీమని ఒక్కటేశారు. "అలాగేనా అయ్యా చెప్పేది? ప్రాణాలు తోడేశావు కదయ్యా!"

అతను బిక్కచచ్చిపోయాడు. "బయపడి స్పీడుగా తోల్తాదేమోనని నిదానంగా రమ్మన్యా అమ్మా. ఒక్కతే ఉంటే కంగారు పడతాదని తోడు పిల్చుకోమన్యా. మల్లా ఎట్ల జెప్పాల?"

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు.

అమ్మకు వీడియో కాల్ చేశాం. మా ఆయన మాట్లాడినా అమ్మ నమ్మలేదు. పాత వీడియో ఏమోనని మా అన్నకు అనుమానం. "ఏదీ, చెయ్యి లేపుమను," అంది అమ్మ. ఆయన కుడి చెయ్యి లేపాడు. "రెండోది?" అంది. రెండోదానికి కట్టు ఉందని చూపించేసరికి అక్కడ శోకాలు మొదలై, అవి నవ్వులుగా మారడానికి చాలాసేపు పట్టింది. పిల్లలు ఆ కట్టు మీద పెన్నుతో బొమ్మలు వేస్తామన్నారు. నర్సు వద్దంది. కాసేపటికి పిన్నిగారు వాళ్ళకు ఏదైనా తినిపిస్తానని బయటికి తీసుకెళ్ళారు. పక్క మంచం అతన్ని ఎక్స్-రేకు తీసుకుపోయారు. మేమిద్దరమే మిగిలాం.

నేను మంచం అంచున కూర్చున్నాను. ఆయన పాదం మీద చెయ్యి వేశాను, వెచ్చగా ఉంది. అయినా నాకు సంతోషం రాలేదు. వస్తుందని ఎదురు చూశాను, రాలేదు.

"గంత గనం భయపడ్డవా?" అన్నాడు.

"భయం గాదు. నువ్వు పోయినవనే అనుకున్న. ఈడికొచ్చేటాల్లకు అన్నీ తేల్చుకున్న."

"ఏం తేల్చుకున్నవ్?" నవ్వుతూనే అడిగాడు.

చెప్పాను. పిల్లల చదువు ఏడాది మధ్యలోనే ఆపి వెళ్ళిపోవాల్సి వస్తుందని. కరీంనగర్లోనే ఉండాలని, అమ్మ దగ్గర కాదు, మంకమ్మతోటలో వేరే ఇల్లు తీసుకోవాలని. పొద్దున ఏదో ఒక స్కూల్లో లెక్కలు, సాయంత్రం ట్యూషన్లు. అమ్మాయికి ఈ రోజే చెప్పాలని, చిన్నవాడికి విమానం దిగాక చెప్పాలని. నీ తోలు సూటు ఎవరికీ ఇవ్వకుండా తీసుకుపోవాలని కూడా అనుకున్నానన్నాను.

"ఇల్లు గూడ సూసినవా?" అన్నాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"రెండు రూములైతే సాలనుకున్న."

"రెండే? ఇరుకైతది గదనే."

"ముగ్గురమే గదా," అన్నాను.